అర ఇటుక తక్కువ గోడ

హైదరాబాదులో ఇంజనీరింగ్ స్కూల్లో చదివిన రోజుల్లో నా కంపాస్ పెట్టెలో ఆరు వస్తువులు ఉండేవి: ఒక కంపాస్, ఒక డివైడర్, రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, నాలుగు మడతలు పెట్టిన ఒక కాగితం. మొదటి అయిదూ పాఠానికి. ఆరోది పాఠం అయిపోయాక విప్పి చదువుకోవడానికి.

ఆ కాగితం మీద మూడే వాక్యాలు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు దఫ్తరు గుమాస్తాను బతిమాలుకుని, అక్కడి రిజిస్టరు నుంచి నకలు చేసుకున్నవి. పైన ఉర్దూ, కింద నా తెలుగు. ‘మేస్త్రి నక్షాను మీరి పొడవు గోడలను నాలుగున్నర అంగుళాలు తగ్గించి కట్టినాడు. పడమటి గోడ పడిపోవడానికి కారణం ఇదే. సర్వేయరుకు ఈ సంగతి తెలియదు.’ అసలు పుస్తకంలో వీటి కింద వేలిముద్ర ఉంది. వేలిముద్రకు నకలు తీయలేం. నేను పెన్సిలుతో ఒక సున్న గీసి, లోపల ‘బాపు’ అని రాసుకున్నాను.

బాపు అంటే మా నాన్న, తాపీమేస్త్రి. మాది ఇందూరు, నిజామాబాద్ అని దఫ్తరు కాగితాల మీదే రాసేవాళ్లం. బాపు బోధన్ దారిలో ఒక చెరుకు రైతుకు బెల్లం కొట్టు కట్టాడు. నక్షాలో పొడవు ముప్పై ఆరు ఫీట్లు, వెడల్పు ఇరవై నాలుగు. నక్షా గీసింది, పునాది చూసింది, ‘నక్షా ప్రకారం ఉంది’ అని చివర సంతకం పెట్టింది మా పట్టణంలో సర్కారు అనుమతి పత్రం, అంటే సనదు, ఉన్న ఒకే ఒక సర్వేయరు. ఆ సనదు ఆయనకు తండ్రి నుంచి వచ్చింది, పాత కోటు వచ్చినట్టు. ఈ విద్యను ఆయన ఏ స్కూల్లోనూ చదవలేదు, ఎవరికీ పరీక్ష ఇవ్వలేదు.

ఆ చేలకు కాలువ నీళ్లు వచ్చిన రెండో ఏడు పడమటి గోడ నిలువునా పగిలింది. వానాకాలం ముగిసేలోగా పొలం వైపు ఒరిగి పడిపోయింది. మనుషులకు ఏమీ కాలేదు, బెల్లం మాత్రం బురదలో కలిసింది. సర్వేయరు వచ్చి టేపు వేయించాడు. నాలుగున్నర అంగుళాలు తక్కువ ఉందని అందరి ముందూ అన్నాడు. అది నిజమే. నిజమే కాబట్టి బాపు కాదనలేకపోయాడు. సర్వేయరు ఉర్దూలో రాసింది ఏమిటో తెలియకుండానే వేలు వేశాడు.

నాలుగున్నర అంగుళాలంటే అర ఇటుక. దాని సంగతి ఇక్కడే చెప్పాలి. మా వైపు ఏ మేస్త్రి అయినా పునాదికి ముగ్గు పోసే ముందు పొడవునూ వెడల్పునూ గజాల్లో గుణించి ఎనిమిదితో భాగిస్తాడు. మిగిలినదాన్ని ఆయం అంటారు. బేసి సంఖ్య మిగిలితే మంచిది. సరి సంఖ్య మిగిలితే యజమానికి కీడు. ఏమీ మిగలకపోతే కాకాయం, దాన్ని మించిన చెడు లేదు. మా సర్వేయరు గీసే నక్షాలన్నీ ఇరవై నాలుగు ఫీట్ల వెడల్పువే, ఆయనకు వచ్చింది అదొక్కటే కాబట్టి. ఇరవై నాలుగు ఫీట్లంటే ఎనిమిది గజాలు. ఎనిమిదిని ఏ నిండు సంఖ్యతో గుణించి ఎనిమిదితో భాగించినా ఏమీ మిగలదు. అంటే ఆయన నక్షా మీద లేచే ప్రతి ఇల్లూ కాకాయం. పొడవులో అర ఇటుక తీసేస్తే మాత్రం ఏడు మిగులుతుంది. అది గజాయం, సిరి నిలిచే ఆయం.

ఈ లెక్క నేను ఎన్నోసార్లు చేసి చూశాను. సరిగ్గానే వస్తుంది. దానికీ గోడ బలానికీ ఏ సంబంధమూ లేదు. ముప్పై ఆరు ఫీట్ల గోడలో అర ఇటుక తగ్గినందుకు గోడ పడదు. స్కూల్లో రెండో ఏడే నాకు ఇది తేలిపోయింది. తేలిన రోజున హాస్టలు గదిలో కాగితం తీసి రెండో వాక్యం పక్కన ‘అబద్ధం’ అని రాశాను. మూడో వాక్యం పక్కన ఏమీ రాయలేదు. అది అబద్ధమని నాకు తెలుసు, రుజువు లేదు.

ఆ మూడు వాక్యాల వల్ల ఏం జరిగిందంటే, నక్షా ఉన్న ఏ పనికీ బాపును ఎవరూ పిలవలేదు. ముగ్గు పోసే మేస్త్రికి ఇంటి యజమాని పసుపు అద్దిన కండువా కప్పడం మా దగ్గర ఆనవాయితీ. బాపుకు వచ్చిన కండువాలన్నీ అవ్వ, అంటే మా అమ్మ, ఒక రేకుపెట్టెలో మడతపెట్టి ఉంచింది. ఆ తరువాత పెట్టెలోకి ఒక్క కండువా కూడా చేరలేదు. బాపు తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ల కిందే కూలికి పోయాడు. గచ్చులు చేశాడు, పొయ్యిలు వేశాడు, వానకు పడిన ప్రహరీలు ఎత్తాడు. గోడ నిటారు చూసే తూకం గుండు చూరులో వేలాడుతూ ఉండేది. అవ్వ దానికి వెల్లుల్లి కట్ట తగిలించేది.

నేను స్కూలు ముగించి, ఏడాది హైదరాబాదు రోడ్ల మీద పనిచేసి, దఫ్తరులో ఓవర్సీరుగా ఇందూరు తిరిగొచ్చేసరికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేస్తోంది. దాని చుట్టూ క్వార్టర్లు, గోదాములు, దుకాణాలు. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి దఫ్తరుకు ఒక హుకుం దిగింది. కట్టడాల సర్వేయర్లకు ఇక నుంచి నిజాం ముల్కు మొత్తానికీ ఒకటే రిజిస్టరు. అందులో పేరు లేనివాడు నక్షా మీద సంతకం పెట్టడానికి లేదు. నేను హుకుంను మొదటి నుంచి చివరిదాకా రాసుకున్నాను. నాకు కావలసినవి అందులో నాలుగు కలాలు, అంటే నిబంధనలు. ఒకటి, స్కూలు సర్టిఫికెట్టూ ఏడాది పని అనుభవమూ ఉన్నవాడి పేరు నేరుగా ఎక్కుతుంది. రెండు, చదువు లేకుండా చాలాకాలంగా పనిచేస్తున్నవాడు తాను చేయించిన మూడు కట్టడాలు చూపాలి; రిజిస్టరులో ఉన్నవాడు వాటిని కొలవాలి; తరువాత ఎదురుగా కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. మూడు, అందులో తప్పినవాడు రిజిస్టరులో ఉన్నవాడి కింద ఏడాది పనిచేసి మళ్లీ రావచ్చు. నాలుగు, మేస్త్రీలకు కూడా జాబితా ఉంటుంది. దఫ్తరు పుస్తకంలో తప్పు రాసి ఉన్నవాడి పేరు ఆ తప్పు కొట్టేసేదాకా ఎక్కదు.

నాలుగో కలం చదివాక నాకు చెమట పట్టింది. బోధన్‌లో పెద్ద పనులన్నీ జాబితా మేస్త్రీలకే పోతాయి. బాపు మోకాళ్లు అప్పటికే గచ్చు పనితో అరిగిపోయాయి. ఈసారి జాబితాలో పేరు లేకపోతే ఆయన ఇక ఎప్పటికీ ముగ్గు పోయడు.

నా పేరు మొదటి కలం కింద వారంలో ఎక్కింది. రెండో కలం కింద మా దఫ్తరుకు వచ్చిన దరఖాస్తు ఒక్కటే. ఎవరిదో చెప్పనక్కరలేదు.

పరీక్ష పెట్టేది జిల్లా ఇంజనీరు. నెరిసిన గడ్డం, నిదానం మనిషి. ఊళ్లు తిరిగి నేర్చుకున్న తెలుగు ఆయనది.

“ఓవర్సీర్, కొలతలు నువ్వే తీయాలె. రిజిస్టర్ల ఇంకోడు లేడు. ఈ కాయితం మీద దస్తఖత్ చెయ్” అన్నాడు.

దరఖాస్తుదారుకూ నాకూ బంధుత్వం లేదని కాగితం. చేశాను. ఆ కాగితం తయారుచేసినవాళ్లు బంధుత్వం గురించి అడిగారు, పగ గురించి అడగలేదు.

బయట వసారాలో సర్వేయరు కూర్చుని ఉన్నాడు. నల్లకోటు, తలకు జరీ రుమాలు, మోకాళ్ల మధ్య గొడుగు, దవడలో పాన్. నన్ను కిందినుంచి మీదికి చూశాడు.

“నువ్వా బాబూ? మేస్త్రి కొడుకువు గద. మీ బాపు ఇటుకలు కొలుస్తుండె, నువ్వు ఏకంగ నన్నే కొలవొచ్చినవు.”

“హుకుం గట్ల ఉంది సాబ్.”

“హుకుములు శానా జూసిన. సనదు మా ఇంట్ల రెండు తరాల సంది ఉంది. పో, టేపు తెచ్చుకో. మూడు ఇండ్లు చూపిస్త, కండ్లు తెరుచుకుంటయ్.”

ఆ మధ్యాహ్నం ఇంట్లో బాపు రొట్టె తింటుండగా అడిగాను. నాలుగేళ్లలో ఇంత సూటిగా అడగడం అదే మొదలు.

“బాపూ, అర ఇటుక సంగతి సర్వేయరుకు ఎరుకనా?”

“ఎరుక లేకేంది? ముగ్గు మీద నిలవడి ఆయననే అన్నడు, ‘తియ్యి మేస్త్రి, అర ఇటుక, రైతుకు కీడు ఎందుకు’ అని.”

“మరి ఆనాడు ఎందుకు చెప్పలె?”

“అడిగినోడెవడు? తక్కువున్నదా అన్నరు, ఉన్నదన్న. వేలెయ్ అన్నరు, ఏసిన.” రొట్టె తుంచి పప్పులో అద్ది అలాగే పట్టుకున్నాడు. “గోడ పడ్డది అర ఇటుకకు కాదురా. కింద నల్లరేగడి. గట్టి మొరం తగిలేదాక తవ్వుత అన్న. ‘రెండు ఫీట్లు శానాయె, కైకిలి కూలోళ్లను ఇడువు’ అని ఆయన అన్నడు. గప్పుడు కాలువ లేకుండె. నీళ్లొచ్చినంక రేగడి ఉబ్బింది, గోడను ఎత్తి పడేసింది.”

“గదంత ఇప్పుడు తవ్వుడెందుకు బిడ్డా” అంది అవ్వ. “నౌకరి మంచిగున్నది. ఆయనతోని పెట్టుకోకు.”

“పెట్టుకోనీ” అన్నాడు బాపు, రొట్టె మీంచి తల ఎత్తకుండా.

మొదటి ఇల్లు ఇందూరు గంజు బజారుకు రెండు సందుల అవతల ఉన్న పసుపు సేటుది. నక్షాలో పొడవు ముప్పై ఫీట్లు. ఉక్కు టేపు తోలు సంచిలోంచి తీయగానే సర్వేయరు ముందుకొచ్చి దాని రింగు అందుకున్నాడు.

“ఈ కొస నేను పట్టుకుంట. నీకు మూల దొరకదు.”

సేటు అరుగు మీద నిలబడి గాభరాగా చూస్తున్నాడు. “మా ఇల్లు గిట్ల పడిపోతదా ఏంది? గంతగనం కొలుస్తున్నరు.”

“నీ ఇల్లు కాదు సేట్. నేను పడిపోతనా, నిలుస్తనా అని చూస్తుండు పిలగాడు” అన్నాడు సర్వేయరు. ఇద్దరూ నవ్వారు.

నేను రెండో మూల దగ్గర అంకె చూశాను. సరిగ్గా ముప్పై ఫీట్లు. నమ్మలేక ఇంకోసారి చూశాను. ముప్పయ్యే. బాపు మాట, నాలుగేళ్ల నా లెక్క, నా కాగితం, అన్నీ ఆ క్షణంలో నీరయ్యాయి. నా కొసను ఒక రాయి కింద పెట్టి, టేపు మెలికపడిందా అని చూసే నెపంతో ఆయన వైపు నడిచాను. సర్వేయరు మొహం సేటు వైపు తిప్పి ఆ ఏటి పసుపు గురించి మాట్లాడుతున్నాడు. చేయి మాత్రం వెనక ఉంది. రింగు గోడ మూలను తాకడం లేదు, మూల దాటి బయట ఉంది. బొటనవేలు టేపు మీద, సరిగ్గా మూల దగ్గర. వేలి గోరు పక్కన అంకె నాలుగున్నర.

ఆయన దాన్ని చూడకుండా పట్టుకున్నాడు. చూడనవసరం లేనంతగా ఆ చేతికి ఆ అంకె అలవాటు.

నేను తిరిగి వెళ్లి ‘ముప్పై ఫీట్లు’ అని పుస్తకంలో రాసుకున్నాను. ఆయన సేటు ఇంట్లో చాయ్ తాగడానికి లోపలికి వెళ్లాక మూలలో ఒక మేకు కొట్టి, రింగు దానికి తగిలించి మళ్లీ కొలిచాను. ఇరవై తొమ్మిది ఫీట్ల ఏడున్నర అంగుళాలు. దాన్ని పక్కన రాశాను. మేకు పీకి జేబులో వేసుకున్నాను. ఆ మేకు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

రెండోది మోస్రాలో ఒక వడ్ల కొట్టు. ఇంకో మేస్త్రి కట్టింది. ఇరవై ఏడు ఫీట్లు రావాలి. సర్వేయరు చేతిలో వచ్చాయి. మేకుకు నాలుగున్నర అంగుళాలు తగ్గాయి.

మూడో కట్టడం రుద్రూరులో, చెరుకు చేల అంచున, ఒక పెద్ద రైతు కొట్టు. దాన్ని చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. మూలల్లో ఇటుకల కట్టు, సున్నం గీత సన్నం, కిటికీ పైన కమాను రాళ్లు పేర్చిన తీరు, అన్నీ బాపు చేతివి. నేను స్కూలుకు వెళ్లక ముందు ఆయన కట్టింది. అక్కడ నేల రేగడి కాదు, ఎర్రమొరం. గుండు వదిలి చూశాను. దారానికీ గోడకూ మధ్య పై నుంచి కిందిదాకా ఒకే ఖాళీ, బియ్యపుగింజంత కూడా తేడా లేదు.

సర్వేయరు వచ్చి ఆ గోడను అరచేత్తో చరిచాడు. “చూడు బాబూ, ఎట్ల నిటారుగ ఉందో. నా పనులల్ల గిదే మేలు.”

“కట్టిన మేస్త్రి ఎవరు సాబ్?”

“మేస్త్రులదేముంది. వస్తరు, పోతరు.”

ఆయనకు నిజంగానే గుర్తు లేదు. బాపు పేరును పుస్తకంలో ముంచిన మనిషి, తన పేరు పుస్తకంలో ఎక్కడానికి బాపు గోడనే ఎంచుకుని తెచ్చాడు, అది ఎవరు కట్టిందో కూడా మరిచిపోయి. మనసులో నేను ఆయనను అంతకుముందు చాలా రకాలుగా శిక్షించాను. ఆ గోడ దగ్గర అవేవీ చాలవనిపించింది.

అక్కడ కూడా మేకు నాలుగున్నర తక్కువే చూపింది. దాంతో చిక్కు వచ్చింది. ఈ అంకె ఉన్నది ఉన్నట్టు రాసిస్తే, బాపు ఇంకో కట్టడంలో కూడా నక్షా మీరాడని నా చేతితోనే నేను రాసినట్టు. దాచితే సర్వేయరు పాసవుతాడు. తిరుగు బస్సులో పుస్తకం ఒడిలో పెట్టుకుని, ఆయనను ఏం అడిగితే ఏం చెబుతాడో రాసుకుంటూ వచ్చాను. ఇరవైకి పైగా ప్రశ్నలు రాసి కొట్టేశాను. జానకంపేట దాటాక ఒకటి మిగిలింది: ఈ నాలుగున్నర అంగుళాల సంగతి మీకు ఎరుకనా, కాదా? ఎరుక లేదంటే, మూడు కట్టడాలను కొలవకుండానే సంతకం పెట్టినట్టు, పరీక్ష పోతుంది. ఎరుకే అంటే, నా కాగితంలో మూడో వాక్యం అబద్ధమవుతుంది. మూడో జవాబు లేదు. ఇందూరులో బస్సు దిగేసరికి నాకు ఆకలి వేసింది. ఎన్నో రోజుల తరువాత కడుపునిండా తిన్నాను.

పరీక్ష రోజు పొద్దున దఫ్తరు వసారాలో బల్ల వేశారు. ఇంజనీరు ముందు నా పట్టీ పెట్టాను. మూడు కట్టడాలకు మూడు వరుసలు. ఒక్కో వరుసలో మూడు అంకెలు: నక్షాలో ఉన్నది, దరఖాస్తుదారు రింగు పట్టినప్పుడు వచ్చింది, రింగు మేకుకు తగిలించినప్పుడు వచ్చింది. ఇంజనీరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

“ఇదేంది సర్వేయర్ సాబ్? నీ చేతిల గోడ పెరుగుతుంది?”

సర్వేయరు పట్టీ వైపు చూశాడు. తరువాత నా వైపు. పాన్ నమలడం ఆపాడు.

“ఎండకు టేపు సాగి ఉంటది హుజూర్.”

“మూడు ఊర్లల్ల, మూడు పొడుగులకు, సరిగ్గ నాలుగున్నరే సాగిందా సాబ్?” అన్నాను.

ఇంజనీరు గడ్డంలో నవ్వు కదిలింది. నేను నా ప్రశ్న అడిగాను. సర్వేయరు వసారా అంచుకు పోయి పాన్ ఉమ్మి వచ్చి కూర్చున్నాడు. బయట పసుపు బండ్లు పోతున్న చప్పుడు వినిపిస్తోంది.

“మేస్త్రులు చేసి ఉంటరు” అన్నాడు చివరికి.

“ముగ్గురు మేస్త్రులు వేరే వేరే. ముగ్గురు నీకు చెప్పకుండ?” ఇంజనీరు గొంతు పెరగలేదు. “నువ్వు చూడకుండనే దస్తఖత్ చేసినవా?”

సర్వేయరుకు రెండు దారులూ అప్పుడు కనబడ్డాయి. నుదుటి మీద జరీ రుమాలు కింద చెమట దిగుతోంది. నేను ఆ చెమటను చూస్తూ కూర్చున్నాను. దాని కోసం నాలుగేళ్లు చదివాను.

“ఎరుకనే హుజూర్. అర ఇటుక తియ్యమని నేనే చెప్త. గది తియ్యకుంటె ఇందూర్ల ఒక్కడు ఇంట్ల అడుగు పెట్టడు. మీ బంగళకు సుత తీపిచ్చిన.”

అప్పుడు కంపాస్ పెట్టె తెరిచి ఆరో వస్తువు తీశాను. మడతల దగ్గర చిరిగిపోతోంది. ఇంజనీరు ఉర్దూలో చదువుకున్నాడు. గుమాస్తాతో అసలు రిజిస్టరు తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదివాడు.

“ఇక్కడ తెలియదు అని రాసినవ్.” వేలితో మూడో వాక్యం మీద కొట్టాడు. తరువాత నా వైపు తిరిగాడు. “ఈ మేస్త్రి నీకు ఏమైతడు?”

“మా బాపు సాబ్.”

“నాకు చెప్పలేదు.”

“దరఖాస్తుదారు బంధువా అని అడిగిండ్రు. కాదు.”

ఆయన నన్ను చూశాడు. ఆ చూపులో మెప్పు లేదు. లేచి గొడుగు తీసుకుని, టేపూ మేకూ నా చేతిలోంచి తీసుకుని, నన్ను రావద్దని చెప్పి, చప్రాసీతో పసుపు సేటు ఇంటికి నడిచి వెళ్లాడు. నేనూ సర్వేయరూ వసారాలో ఎదురెదురుగా కూర్చున్నాం.

“గోడ పడ్డనాడు నన్నే పట్టుకుంటుండె” అన్నాడు సర్వేయరు మెల్లిగా. “ఇద్దరిల ఒక్కడు పోవాల్నాయె.”

“మా బాపు పోయిండు” అన్నాను.

ఇంజనీరు తిరిగొచ్చి మేకు నా ముందు పెట్టాడు. “ఇరవై తొమ్మిది, ఏడున్నర” అన్నాడు. తరువాత రిజిస్టరును సర్వేయరు వైపు తిప్పాడు. సర్వేయరు తన చేతితోనే, ఆ పాత మూడు వాక్యాల కింద, ఉర్దూలో రాశాడు: అర ఇటుక తగ్గించమన్నది తానే, మేస్త్రి తప్పు లేదు. ఇంజనీరు పాత వాక్యాల మీద అడ్డంగా గీత కొట్టి సంతకం చేశాడు. గీత వంకరగా వచ్చింది. నేనైతే స్కేలు పెట్టేవాడిని.

ఇంకా ప్రశ్నలు మిగిలి ఉన్నాయి. నేను రాసిచ్చిన ప్రశ్నల పట్టీలోంచి ఇంజనీరే ఒకటి ఎంచి అడిగాడు.

“నల్లరేగడిల పునాది ఎంత లోతు?”

“రెండు ఫీట్లు హుజూర్.”

“కాలువ పారే చోట?”

“ఎక్కడైనా రెండే. మా నాయన కాలం సంది రెండే.”

ఆ జవాబును నేనే రాసుకున్నాను, అక్షరం పోకుండా. పడమటి గోడను పడగొట్టింది ఆ జవాబే. ఇంజనీరు కాగితం మీద ‘ఫేల్’ అని రాసి, మూడో కలం చదివి వినిపించాడు. రిజిస్టరులో ఉన్నవాడి కింద ఏడాది పని. మా దగ్గర రిజిస్టరులో ఉన్నది ఒక్కడే అని గుమాస్తా అన్నాడు. అనకపోయినా అందరికీ తెలుసు.

సర్వేయరు రాకపోవచ్చు అనుకున్నాను. రాకపోతే ఇక ఎప్పటికీ సంతకం లేదు, ఆ బతుకు ఆయనకు చేతకాదు. రెండు వారాల తరువాత వచ్చాడు. అదే కోటు, రుమాలు మాత్రం మామూలు తెల్లది.

బాపు పేరు మేస్త్రీల జాబితాలో తొమ్మిదోది. మొదటి పిలుపు బోధన్ పక్కన చెరుకు రైతుల గోదాముకు వచ్చింది, ముప్పై ఆరు ఫీట్లకు ఇరవై నాలుగు. నక్షా నేను గీశాను. పొడవు దగ్గర ముప్పై అయిదు ఫీట్ల ఏడున్నర అంగుళాలు అని రాశాను. కట్టేది ఏదో అదే కాగితం మీద ఉండాలి. మళ్లీ ఎవరూ ఏ మేస్త్రినీ అర ఇటుకకు పట్టుకోకూడదు. బాపు నక్షాను తిప్పి తిప్పి చూసి, “ముందే తీసినవా” అన్నాడు. సర్వేయరు ఆయన భుజం మీంచి ఆ అంకె చదివి పక్కకు తిరిగాడు.

రైతు బాపు భుజాల మీద పసుపు కండువా కప్పాడు. బాపు ముగ్గు పోశాడు. సర్వేయరు రింగు పట్టుకుని మూలలో వంగి కూర్చున్నాడు.

“రింగు తాకిందా సాబ్?” అని ఇవతలి నుంచి అడిగాను.

“తాకింది.”

నేను ముప్పై అయిదు ఫీట్లూ నడిచి వెళ్లి చూశాను. తాకే ఉంది. ఆ ఏడాది పొడుగునా, ప్రతి కట్టడంలో, ప్రతి మూలకూ నేను నడిచి వెళ్లి చూశాను. ఒక్కసారి కూడా ఆయన మాట నమ్మి అంకె రాయలేదు. ఆయన ఒక్కసారి కూడా మూల దాటించలేదు.

మూడో రోజు పునాది గుంటలో పని. రేగడి నాలుగు ఫీట్లు దిగినా నల్లగానే వస్తోంది. కూలీలు అలిసి గట్టు మీద కూర్చున్నారు. బాపు గుంటలో నిలబడి తవ్వించాడు. గుంటలో దిగి నేలను చూసి చెప్పడం సర్వేయరు పని, నేనే ఆయనకు అప్పగించాను. కోటు గట్టు మీద పెట్టి నిచ్చెన మీద దిగాడు. బాపు పక్కన ఆయన తల బాపు భుజం ఎత్తుకే వచ్చింది.

“మొరం తగిలిందా సాబ్?” అన్నాను పై నుంచి.

ఆయన చేత్తో మట్టి తీసి చూశాడు. “తగిలింది.”

“గట్టిగ చెప్పండి. మేస్త్రికి వినవడాలె.”

“మొరం తగిలింది!”

బాపు తల ఎత్తలేదు. గుంట మూలలో దారం సరిచేసుకుంటూ, “నాకు చెవులు మంచిగనే ఉన్నయ్ రా” అన్నాడు. “సాబ్, జర జరుగుండ్రి. రాయి పెట్టాలె.”

సర్వేయరు జరిగాడు. బాపు మొదటి రాయి పెట్టి, గుండు వదిలి, దారం ఆగేదాకా చూశాడు. నేను పుస్తకంలో లోతు రాసుకున్నాను: అయిదు ఫీట్ల రెండు అంగుళాలు, అడుగున మొరం. తరువాతి గుంటలోకి సర్వేయరు దిగేసరికి బాపు ఇంకా మొదటి గుంటలోనే ఉన్నాడు; అక్కడ వినాల్సిన మేస్త్రి లేడు. నేను సర్వేయరును మళ్లీ అడిగాను, మళ్లీ గట్టిగా చెప్పమన్నాను.